కులాల లెక్క: శాస్త్రమా, పార్టీ పత్రమా?

ప్రతి జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి లక్షలాది మంది వస్తారు. కశ్మీరు శాలువాలు, మిర్చి బజ్జీలు, జెయింట్ వీల్, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు. నుమాయిష్ అంటే హైదరాబాదీలకు గుర్తుకొచ్చేవి ఇవే. అది ఎందుకు పుట్టిందో ఇప్పుడు తలచుకునేవారు తక్కువ. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘానికి చెందిన కొందరు యువకులు హైదరాబాద్ రాజ్యంలో ఒక ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. దానికి డబ్బు లేదు. స్థానిక ఉత్పత్తుల ప్రదర్శన పెట్టి, ఆ రాబడితో సర్వే జరపాలని ఆలోచించారు. పబ్లిక్ గార్డెన్స్‌లో సుమారు 50 దుకాణాలతో ‘నుమాయిష్ మస్నువాత్-ఎ-ముల్కీ’ మొదలైంది. 1946లో ఇప్పటి మైదానానికి మారింది. అంటే ఈ జాతరకు మూలం ఒక లెక్క. తమ సమాజాన్ని తామే లెక్కించుకోవాలన్న చదువుకున్న కుర్రవాళ్ల పట్టుదల.

2025 ఫిబ్రవరి 4న, నుమాయిష్ ఇంకా నడుస్తుండగానే, ఆ పక్కనే ఉన్న శాసనసభలో తెలంగాణ కులగణన ఫలితాలపై చర్చ జరిగింది. మైదానం నుంచి సభకు నడిచి పోవచ్చు. గాంధీ భవన్ అంతకంటే దగ్గర. భారతీయ జనతా పార్టీ రాష్ట్ర కార్యాలయం కూడా నాంపల్లిలోనే. పబ్లిక్ సర్వీస్ కమిషన్ భవనం, తెలుగు విశ్వవిద్యాలయం ప్రాంగణం కూడా ఆ చుట్టుపక్కలే. లెక్కించేవారు, ఆ లెక్క మీద తగవులాడేవారు, ఆ లెక్క వల్ల ఉద్యోగం వచ్చేవారు లేదా పోయేవారు, అందరూ ఒకే పేటలో ఉన్నారు. అందుకే నా వాదానికి ఈ పేటనే భూమికగా తీసుకుంటున్నాను.

ప్రభుత్వ విజ్ఞాన విధానంలో పార్టీ రాజకీయాలు జొరబడటం గురించి మాట్లాడగానే మనకు పదో తరగతి పాఠ్యపుస్తకం నుంచి డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని తొలగించడం గుర్తుకొస్తుంది. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్ వేదికపై ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవులను టెస్ట్‌ట్యూబ్ శిశువులుగా వర్ణించిన ఉదంతం గుర్తుకొస్తుంది. ఇవి నవ్వు తెప్పించే అపచారాలు. నవ్వు వస్తుంది కనుక అందరికీ కనిపిస్తాయి. కనిపించని జోక్యం గణాంక శాస్త్రంలో జరుగుతోంది. అక్కడ ఎవరూ పురాణాలు చెప్పరు. ఒక నివేదికను బీరువాలో పెడతారు, ఒక కమిటీని రద్దు చేస్తారు, ఒక పట్టికలోని గడిని ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీ గడిలో ఉన్నది ఏ కులమో చూస్తే పక్షపాతం ఎవరికి మేలు చేసిందో తెలుస్తుంది.

గణాంక శాస్త్రం మనకు పరాయి విద్య కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ దగ్గర చేరి, ప్రపంచం మెచ్చిన శాస్త్రవేత్త అయిన సి.ఆర్. రావు మన తెలుగువాడు. నమూనా నుంచి సత్యాన్ని ఎంతవరకు రాబట్టగలమో, ఎక్కడ ఆగాలో చెప్పే సిద్ధాంతాలకు ఆయన పేరుంది. 2023 ఆగస్టులో ఆయన మరణించినప్పుడు అన్ని పార్టీలూ నివాళులర్పించాయి. ఆయన శాస్త్రం అడిగే కనీస మర్యాద ఒకటుంది: లెక్కతో పాటు ఆ లెక్కలో ఎంత తప్పు ఉండవచ్చో కూడా చెప్పాలి. ఆ మర్యాదను ఏ పార్టీ పాటించిందో ఇక చూద్దాం.

ఆబిడ్స్‌లో ఆదివారాలు మూసి ఉన్న దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. కొన్నేళ్ల కిందట నాకు అక్కడ 1961 జనగణన జిల్లా హ్యాండ్‌బుక్ ఒకటి దొరికింది. అట్ట ఊడిపోయింది, లోపలి పట్టికలు మాత్రం చెక్కుచెదరలేదు. ప్రతి ఊరికీ ఇళ్లెన్ని, జనమెందరు, చదివినవారెందరు, షెడ్యూల్డు కులాలెందరు, షెడ్యూల్డు తెగలెందరు, అన్నీ ఉన్నాయి. చాకలి, మంగలి, గొల్ల, సాలె, బెస్త మాత్రం ఎక్కడా లేరు. వారు మొత్తంలో కలిసిపోయారు. రెడ్డి, వెలమ, బ్రాహ్మణ, కోమటి కూడా అలాగే కలిసిపోయారు. ఒకే గడిలో దాగినా ఇద్దరికీ కలిగిన ఫలితం ఒకటి కాదు. ఒకరి వెనుకబాటు దాగింది, మరొకరి ఆధిక్యం దాగింది.

ఇది యాదృచ్ఛికం కాదు. 1951 నుంచి షెడ్యూల్డు కులాలు, తెగలు తప్ప మరే కులాన్నీ జనగణనలో లెక్కించకూడదని స్వతంత్ర భారత ప్రభుత్వం నిర్ణయించింది. కులం పేరెత్తకపోతే కులం పోతుందన్న సద్భావన అందులో కొంత ఉండవచ్చు. కానీ 1955లో కాకా కాలేల్కర్ కమిషన్ కులాల లెక్క కావాలని స్పష్టంగా సిఫారసు చేసినా ఆ నిర్ణయం మారలేదు. 1980లో మండల్ కమిషన్ వెనుకబడిన తరగతులు 52 శాతమని అంచనా వేయడానికి 1931 లెక్కలనే తవ్వుకోవలసి వచ్చింది. యాభై ఏళ్ల నాటి లెక్కతో సామాజిక విధానం రాయించి, తర్వాత ‘మీ లెక్కకు ఆధారమేది?’ అని అడగడం ఈ దేశంలోనే సాధ్యం.

1931 లెక్క కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. నిజాం రాజ్యంలో మాల మాదిగలను ‘ఆది హిందువులు’గా నమోదు చేయాలని భాగ్యరెడ్డి వర్మ ఏళ్ల తరబడి పోరాడారు. ఆ జనగణనలో ఆ పేరు ఎక్కింది. జనగణన పత్రంలో ఒక పేరు ఉండటం అంటే ప్రభుత్వం ముందు ఒక సమూహంగా నిలబడటం అని ఆయనకు తెలుసు. ఆబిడ్స్‌లో 1918లో వెలిసిన రెడ్డి హాస్టల్ నుంచి ఇతర కులాల వసతి గృహాల వరకు చూడండి. వనరులున్న కులాలు తమ పిల్లలెందరో, ఎక్కడ చదువుతున్నారో తామే లెక్క వేసుకున్నాయి, ఆ లెక్కతో సంస్థలు కట్టుకున్నాయి. అది తప్పని నేననను. ఆ హాస్టళ్ల నుంచి ఎందరో గొప్పవారు వచ్చారు. కానీ హాస్టల్ కట్టుకోలేని కులానికి లెక్క ప్రభుత్వమే వేయాలి.

ఇక మన కాలానికి వద్దాం. 2011లో యూపీఏ ప్రభుత్వం సామాజిక, ఆర్థిక, కులగణన మొదలుపెట్టింది. 2014లో దిగిపోయేనాటికి కులం లెక్క బయటికి రాలేదు. 2015 జూలైలో ఎన్డీయే ప్రభుత్వం ఆర్థిక వివరాలు విడుదల చేసి కులం భాగాన్ని ఆపింది. వర్గీకరణకు నీతి ఆయోగ్ ఉపాధ్యక్షుడు అరవింద్ పనగఢియా నేతృత్వంలో కమిటీ వేస్తామన్నారు. ఆ కమిటీ ఫలితం ప్రజలకు చేరలేదు. 2021 సెప్టెంబరులో కేంద్రం సుప్రీంకోర్టులో అఫిడవిట్ వేసింది: 1931లో 4,147 కులాలుండగా 2011 సర్వేలో 46 లక్షలకు పైగా పేర్లు వచ్చాయని, కనుక ఆ సమాచారం వాడటానికి పనికిరాదని.

ఈ 46 లక్షల సంఖ్యను చాలామంది కులగణన అసాధ్యమనడానికి రుజువుగా చూపుతారు. నిజానికి అది రుజువు చేసేది వేరు. ముందుగా జాబితా ఇవ్వకుండా ‘మీ కులమేది?’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే ఇంటిపేరు, గోత్రం, వృత్తి, ఉపశాఖ, అక్షరదోషం అన్నీ కులాలవుతాయి. ఒకే కులం ఇరవై రకాల స్పెల్లింగులతో ఇరవై కులాలవుతుంది. వీటిని కలిపి, వేరు చేసి, సంకేత సంఖ్యలివ్వడం గణాంక శాస్త్రంలో రోజువారీ పని. జనగణన శాఖ మాతృభాషల విషయంలో దశాబ్దాలుగా ఈ పనే చేస్తోంది. జనం చెప్పిన వేలాది పేర్లను శుద్ధి చేసి భాషల పట్టికలు తయారు చేస్తోంది. భాషకు సాధ్యమైనది కులానికి అసాధ్యం కావడం సాంకేతిక సమస్య కాదు.

పార్టీల మాటలు ఎలా మారాయో చూడండి. 2018 ఆగస్టులో కేంద్ర హోంమంత్రి రాబోయే జనగణనలో ఓబీసీల వివరాలు సేకరిస్తామన్నారు. అప్పుడు సార్వత్రిక ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. 2021 జూలైలో అదే శాఖ పార్లమెంటులో, ఎస్సీ ఎస్టీలు తప్ప ఇతర కులాలను లెక్కించకూడదన్నది తమ విధానమని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న అదే ప్రభుత్వ మంత్రివర్గ సంఘం వచ్చే జనగణనలో కులాలను లెక్కిస్తామని నిర్ణయించింది. ఏడేళ్లలో మూడు మాటలు. ఈ మధ్యలో గణాంక శాస్త్రంలో కొత్త ఆవిష్కరణ ఏదీ జరగలేదు. బిహార్‌లో ఎన్నికలు మాత్రం దగ్గరపడ్డాయి.

కాంగ్రెస్ చరిత్ర ఇంతకంటే మెరుగైనది కాదు. 1951 నిర్ణయం వారిదే, కాలేల్కర్‌ను పక్కన పెట్టినదీ వారే. పొరుగున కర్ణాటకలో అదే పార్టీ ప్రభుత్వం 2015లో సర్వే చేయించింది. నివేదిక అధికారికంగా చేతికి రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. బయటికి పొక్కిన అంకెలపై లింగాయత, వొక్కలిగ నాయకులు మండిపడటంతో 2025లో సర్వేనే మళ్లీ మొదటి నుంచి చేయాలని నిర్ణయించారు. మొదటి సర్వేలో లోపాలు ఉండవచ్చు. పదేళ్లు మూతపెట్టిన సర్వే పాతబడుతుంది, పాతబడింది కనుక మళ్లీ చేయాలంటారు. ఈ తర్కం ఎప్పటికీ ముగియదు.

మన రెండు రాష్ట్రాల సంగతి మరీ విచిత్రం. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒకే రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. బస్సులు, దుకాణాలు ఆగిపోయాయి. ముంబయి, సూరత్‌ల నుంచి వలస కార్మికులు ఊళ్లకు పరుగెత్తుకొచ్చారు. ఆ సర్వేలో కులాల వారీ లెక్కలను అప్పటి ప్రభుత్వం అధికారికంగా ప్రచురించలేదు. అదే ప్రభుత్వం 2021 అక్టోబరులో, కులగణన జరపాలని కేంద్రాన్ని కోరుతూ శాసనసభలో తీర్మానం చేయించింది. తన బీరువాలో ఉన్నదానిని ఢిల్లీ నుంచి అడగడమన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నవంబరులో అలాంటి తీర్మానమే జరిగింది. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం సొంతంగా కులగణన మొదలుపెట్టింది, ఫలితాలు చెప్పకుండానే ఎన్నికలకు వెళ్లి ఓడిపోయింది.

ఈ నేపథ్యంలో తెలంగాణ 2024 సర్వే ఒక ముందడుగే. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇక రాయబోయే విమర్శను కులగణన వ్యతిరేకులు ఎత్తుకుపోతారన్న భయం నాకుంది. నవంబరు 6న ఇళ్ల గుర్తింపుతో మొదలై, సంకేత సంఖ్యలున్న కులాల జాబితాతో, ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ఇది. 2025 ఫిబ్రవరి 2న ప్రకటించిన ఫలితాల ప్రకారం 3.54 కోట్ల మంది లెక్కకు వచ్చారు. ముస్లిమేతర బీసీలు 46.25 శాతం, ముస్లిం బీసీలు 10.08 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లింలతో కలిపి ఓసీలు 15.79 శాతం. సుమారు 3.1 శాతం కుటుంబాలు, అంటే 16 లక్షల మంది, సర్వేకు అందలేదని ప్రభుత్వమే చెప్పింది. అందనివారి సంఖ్యను తానే ఒప్పుకోవడం మన ప్రభుత్వాలకు అలవాటైన పని కాదు. దానికి మెచ్చుకోవాలి.

కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. ప్రతిపక్షం 2014 సర్వే అంకెలు బయటికి తీసింది. అప్పుడు జనాభా 3.68 కోట్లు, బీసీలు 51 శాతం, ఇప్పుడు బీసీలు తగ్గారేమని అడిగింది. పదేళ్లు తాను ప్రచురించని లెక్కను ప్రమాణంగా చూపింది. అధికారపక్షం ముస్లిం బీసీలను కలిపి 56.33 శాతం అంది. మూడో పక్షం ముస్లింలను తీసేసి చూడాలంది. అధికార పార్టీ శాసనమండలి సభ్యుడే సర్వే ప్రతికి నిప్పుపెట్టారు, మార్చి 1న సస్పెండయ్యారు. ఎవరికి కావలసిన కూడిక, తీసివేత వారు చేసుకున్నారు. సభకు ప్రకటన వచ్చింది. కులాల వారీ పట్టికలు, పద్ధతి వివరాలు, తప్పుల అంచనా రాలేదు.

అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. 2011 జనగణనలో తెలంగాణ జనాభా 3.50 కోట్లు. అంతకుముందు పదేళ్లలో పెరుగుదల 13.58 శాతం. 2014లో 3.68 కోట్లు, 2024లో అందనివారిని కలుపుకున్నా 3.70 కోట్లు అంటే, పదేళ్లలో పెరిగింది అర శాతం. సంతానోత్పత్తి ఎంత తగ్గినా, హైదరాబాదుకు వలస ఇంత పెరిగిన కాలంలో ఇది నమ్మదగినది కాదు. కనుక 2014లో కొందరిని రెండుసార్లు లెక్కించి ఉండాలి, లేదా 2024లో చెప్పినదానికంటే ఎక్కువమంది తప్పిపోయి ఉండాలి. బహుశా రెండూ జరిగాయి. ఒకే రోజు సర్వేకు ఊరికి రాకపోతే రేషన్ కార్డు పోతుందన్న పుకారుతో జనం కదిలిన 2014లో అతిగణన సహజం. తలుపు తీయని అపార్ట్‌మెంట్లున్న 2024 హైదరాబాదులో న్యూనగణన సహజం.

తప్పిపోయినవారు ఎవరన్నది అంతకంటే ముఖ్యం. కులం చెప్పడానికి ఇష్టపడని ఓసీ కుటుంబాలు గేటు తీయకపోతే వారి శాతం నిజానికంటే తక్కువగా వస్తుంది. నిర్మాణ స్థలంలో గుడారం వేసుకున్న వడ్డెర కుటుంబం, ఫ్లైఓవర్ కింద పడుకునే సంచార జాతులు తప్పిపోతే బీసీల శాతం తక్కువగా వస్తుంది. ఈ రెండు తప్పులూ ఎదురెదురు దిక్కులకు లాగుతాయి. ఏది పెద్దదో ఊహతో చెప్పలేము. చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. గణన ముగిశాక కొన్ని ప్రాంతాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, వేరే సిబ్బందితో మళ్లీ లెక్కించి, రెంటినీ పోల్చుతారు. 2011 జాతీయ జనగణనలో ఇలా చూస్తే వెయ్యికి 23 మంది తప్పిపోయినట్టు తేలింది. జనగణన శాఖ ఆ అంకెను ప్రచురించింది, ఎవరూ నిప్పు పెట్టలేదు. తెలంగాణలో ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు రెండో విడత పెట్టి, అందనివారు వచ్చి నమోదు చేసుకోవాలన్నారు. అది మంచిదే. కానీ తనంతట తాను వచ్చి పేరు రాయించుకునేవాడు తప్పిపోయినవారికి నమూనా కాడు. కౌంటరు దాకా రాగలిగినవాడికి మాత్రమే ప్రతినిధి.

మార్చిలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి అధ్యక్షతన స్వతంత్ర నిపుణుల బృందాన్ని నియమించారు. వారు 242 కులాలను పోల్చి వెనుకబాటు సూచిక తయారు చేసి, జూలైలో 300 పేజీల నివేదిక ఇచ్చారు. నివేదిక అందిన నాడు ముఖ్యమంత్రికి అందింది పుస్తకం, ప్రజలకు అందింది పత్రికా ప్రకటన. శాస్త్రంలో స్వతంత్రత అంటే బృందానికి ఆ పేరు పెట్టడం కాదు. నివేదికను ఎప్పుడు బయటపెట్టాలో నిర్ణయించే హక్కు దానిని రాసినవారికి ఉండటం.

దీనివల్ల నష్టమేమిటని అడిగేవారికి న్యాయస్థానాల చరిత్ర చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970 నాటి అనంతరామన్ కమిషన్ ఊళ్లు తిరిగి సమాచారం సేకరించి బీసీ జాబితా ఇచ్చింది. హైకోర్టు కొట్టివేసినా, 1972లో సుప్రీంకోర్టు బలరాం కేసులో దానిని నిలబెట్టింది. ఎ, బి, సి, డి వర్గీకరణ ఇప్పటికీ నడుస్తున్నది అందుకే. 1986లో మురళీధరరావు కమిషన్ సిఫారసుతో ఎన్టీఆర్ ప్రభుత్వం బీసీ రిజర్వేషన్లను 25 నుంచి 44 శాతానికి పెంచింది. ఆ పెంపునకు తగిన ఆధారం లేదంటూ హైకోర్టు కొట్టివేసింది. ముస్లింలలో వెనుకబడిన సమూహాలకు నాలుగు శాతం కోటాను 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసినప్పుడు కూడా సర్వే శాస్త్రీయంగా లేదన్న మాట వచ్చింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద అది ఇప్పటికీ బతుకుతోంది. ఇంత చరిత్ర ఉన్నా, 2025 సెప్టెంబరు 26న స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం కోటా ఇస్తూ జీవో 9 వచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు నిలిపివేసింది, వారానికి సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది, డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు పాత 50 శాతం పరిమితిలోనే జరిగిపోయాయి. ఈసారి అడ్డుపడినది ప్రధానంగా ఆ పరిమితే, నిజమే. కానీ ఆ పరిమితిని ఎప్పటికైనా కదిలించగలిగేది బహిరంగ పరీక్షకు నిలిచిన లెక్క మాత్రమే. సర్పంచ్ పదవి కోసం ఎదురుచూసిన రజక మహిళకు ఐదేళ్లు పోయాయి. ఆ ఐదేళ్లు ఏ పార్టీ ఖాతాలోనూ నష్టంగా రాయబడవు.

ఇక్కడ మరో అన్యాయం ఉంది. 2019 జనవరిలో అగ్రవర్ణ పేదలకు పది శాతం కోటా ఇచ్చే 103వ రాజ్యాంగ సవరణ రెండు రోజుల్లో రెండు సభలూ దాటింది. వారం తిరక్కుండా అమల్లోకి వచ్చింది. దానికి ఇంటింటి సర్వే జరగలేదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దానిని సమర్థించింది. స్థానిక సంస్థల్లో బీసీ కోటాకు మాత్రం ప్రత్యేక కమిషన్, సమకాలీన సమాచారం, 50 శాతం లోపు అన్న మూడంచెల పరీక్ష. ఆధారం అడగడం తప్పు కాదు, నేను బతుకుతెరువుగా విద్యార్థులకు నేర్పేదే అది. కొందరిని మాత్రమే ఆధారం అడగడం, ఆ ఆధారాన్ని సేకరించవలసిన ప్రభుత్వమే డెబ్భై ఏళ్లు సేకరించకపోవడం, ఇదీ కులం పని చేసే తీరు.

గణాంకాల మీద పార్టీ నీడ కులానికే పరిమితం కాదు. 2019 జనవరిలో నిరుద్యోగ సర్వే నివేదికను ఆపినందుకు జాతీయ గణాంక కమిషన్ సభ్యులు పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. 6.1 శాతం నిరుద్యోగమని చెప్పిన ఆ నివేదిక ఎన్నికలు ముగిశాక, మే 31న, వెలువడింది. ఆ ఏడాదే వినియోగ వ్యయ సర్వేను పక్కన పడేశారు. 2023లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిపే సంస్థ డైరెక్టరు కె.ఎస్. జేమ్స్‌ను సస్పెండ్ చేశారు. 2024 సెప్టెంబరులో ప్రణబ్ సేన్ అధ్యక్షతన ఉన్న గణాంకాల స్థాయీ సంఘాన్ని రద్దు చేశారు. అమెరికాలో 2025 ఆగస్టు 1న ఉద్యోగాల అంకెలు నచ్చక అధ్యక్షుడు కార్మిక గణాంక సంస్థ అధిపతిని ఆ రోజే తొలగించాడు. అక్కడ తొలగింపు పత్రికల్లో పతాక శీర్షిక అయింది. మన దగ్గర నాలుగో పేజీ వార్త.

జాతీయ గణాంక కమిషన్ రంగరాజన్ కమిషన్ సిఫారసుతో ఏర్పడింది. కానీ చట్టం ద్వారా కాదు, ప్రభుత్వ తీర్మానం ద్వారా. ఇచ్చిన చేత్తో తీసుకోవచ్చు. తెలంగాణ శాసనసభ తలచుకుంటే రాష్ట్రానికి చట్టబద్ధమైన గణాంక కమిషన్ ఏర్పాటు చేయవచ్చు. ప్రచురణ తేదీలను ఏడాది ముందే ప్రకటించి, ఆ తేదీని మార్చే అధికారం మంత్రికి లేకుండా చేయవచ్చు. పేర్లు, చిరునామాలు తొలగించిన కుటుంబస్థాయి సమాచారాన్ని విశ్వవిద్యాలయాలకు ఇవ్వవచ్చు. పదిమంది పరిశోధకులు పది రకాలుగా లెక్కించి ఒకే చోటికి వస్తే ఏ కోర్టులోనైనా అది నిలుస్తుంది. బిహార్ 2023 అక్టోబరు 2న ఒక్కో కులం సంఖ్యతో సహా పట్టిక విడుదల చేసింది. దాని మీదా వివాదాలు వచ్చాయి, కానీ వాదించడానికి అందరి చేతుల్లో కాగితం ఉంది.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. బహుజన మేధావులమని చెప్పుకునే మేము అంకె పెరిగిందనుకున్నప్పుడు సభలు పెట్టాము, తగ్గిందనుకున్నప్పుడు కుట్ర అన్నాము. పద్ధతి చూపమని ముందే, అంకె తెలియకముందే అడిగినవారు మాలో తక్కువ. బీసీలలోనే పెద్ద కులాల నాయకులు ‘56 శాతం’ అన్న మొత్తం అంకె దగ్గర ఆగిపోవడానికి ఇష్టపడతారు. విడివిడిగా చూస్తే ఎవరికెంత వచ్చిందో తెలుస్తుంది కదా. ముదిరాజ్, యాదవ, గౌడ, మున్నూరు కాపు, పద్మశాలి పేర్లు ప్రతి వేదిక మీదా వినిపిస్తాయి. బాలసంతుల పేరు ఎప్పుడైనా విన్నారా?

నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి గంగిరెద్దుల కులస్తుడు, బీసీ-ఎ. సర్వే ఫలితాలు వచ్చిన వారంలో నా గదికి వచ్చి, “సార్, మా కులం ఎంతమంది ఉన్నారంట?” అని అడిగాడు. వ్యాసానికి కావాలేమో అనుకున్నాను. కాదు. నాంపల్లిలో సర్వీస్ కమిషన్ భవనం చుట్టూ నాలుగేళ్లుగా తిరుగుతున్నాడు. తన కులం నుంచి గ్రూప్ సర్వీసుల్లోకి ఎవరైనా వెళ్లారో లేదో, వెళ్లకపోతే అది ఎంత జనాభాలో సున్నాయో తెలుసుకోవాలనుకున్నాడు. బీసీ-ఎకు ఏడు శాతం ఉంది. ఆ ఏడులో తన వాటా ఎంత అన్నదే అతని ప్రశ్న. నేను ప్రకటన తీసి చూపాను. అందులో బీసీలున్నారు, అతని కులం లేదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన 1961 హ్యాండ్‌బుక్ అప్పుడు నా బల్ల మీదే ఉంది.

2027 మార్చి 1 నాటికి దేశ జనాభాను లెక్కించడానికి నోటిఫికేషన్ వచ్చింది. కులం కూడా అడుగుతారు. సంక్రాంతి ముగిసిన ఆ రోజుల్లో అతని తల్లిదండ్రులు ఎద్దును తోలుకుని ఏ ఊళ్లో ఉంటారో వారికే తెలియదు. ఇల్లు లేనివారిని 2011లో ఫిబ్రవరి 28 రాత్రి వెతికి లెక్కించారు. ఈసారి కూడా అలాగే ఉంటుందా, గణకుడి చేతిలోని ఫోన్‌లో కులాల జాబితా ఉంటే అందులో తమ పేరు ఏ స్పెల్లింగుతో ఉంటుంది అని మొన్న మళ్లీ అడిగాడు. జాబితా ఖరారయ్యేలోపు జనగణన శాఖకు రాయమన్నాను. రాశానన్నాడు. రసీదు చూపించాడు, ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు ముద్రతో.